శ్రవణయంత్ర పద్యానికి టీకా తాత్పర్యాలు

ఆ.వె. ధరను పెంచగానె దరువులు మారునా
చెవికి మెత్తనైన చేటు లేదు
తలకు భారమైన తానంబు చేదగున్
బందరెండ చెమట పాడుచేయు

అవతారిక: కృష్ణమ్మ కడలిలో కలిసే సీమలో, పాట వినే శ్రవణయంత్రానికి, అనగా హెడ్‌ఫోనుకు, లక్ష రూపాయలు వెచ్చించదలచిన రసికునికీ, పదివేలతో సరిపెట్టుకోదలచిన గృహస్థునికీ మధ్య పుట్టిన తగవును తీర్చడానికి ఈ ఆటవెలది అవతరించింది.

టీక: ధరను పెంచగానె = వెల ఎక్కువ పెట్టినంత మాత్రాన; దరువులు = పాటల నడకలు (కూచిపూడి దాపుననే ఉన్నందున కవికి ఈ మాటే తోచడం ఉచితం); మారునా = మారవని కాకువు; మెత్తనైన = చెవిదిండు మెత్తనిదైతే; తానంబు = రాగాలాపన; చేదగున్ = రుచించదు; బందరెండ = మచిలీపట్నపు ఎండ, ఉప్పుగాలి సహితమని గ్రహించాలి.

వ్యాఖ్య: మొదటి పాదానికి పూర్వపక్షులు 2009లో వచ్చిన సెన్‌హైజర్ హెచ్‌డీ 800ను అడ్డు చెబుతారు. అందులోని 56 మి.మీ. డ్రైవరు, అనగా విద్యుత్తును ధ్వనిగా మార్చే భాగం, వాద్యాలను దూరం దగ్గరలతో సహా విడదీసి వినిపిస్తుందన్న మాట నిజమే. అయితే దాని అవరోధం 300 ఓమ్‌లు గనుక ఫోనుకు తగిలిస్తే గొంతు పెగలదు, ఆంప్లిఫయరు వేరే కొనాలి. వెనుకవైపు తెరిచి ఉండే నిర్మాణం గనుక ఫ్యాను హోరు కూడా పక్కవాద్యమై కూర్చుంటుంది. ఇంతకన్నా బలమైన సమాధానం గుడివాడ వైపు నుంచి వస్తుంది. ఆ ఊరి దగ్గరి చౌటపల్లిలో 1922లో పుట్టిన ఘంటసాల సినిమా పాటలు చాలామటుకు మోనోలో, అనగా రెండు చెవులకూ ఒకే ధ్వని చేరే పద్ధతిలో, రికార్డయినవి. అక్కడ విడదీయడానికి ఎడమకుడులే లేవు, పైగా ఖరీదైన యంత్రం పాటతోపాటు పాత రికార్డు గరగరను సైతం శ్రద్ధగా వినిపిస్తుంది.

మూడవ పాదంలో కవి తొందరపడ్డాడు. హెచ్‌డీ 800 బరువు 330 గ్రాములు, మధ్యరకం ధరలో దొరికే ఆడియో టెక్నికా ఎంఫార్టీఎక్స్ 240 గ్రాములే. అయినా మొదటిది వెడల్పాటి దిండ్లతో చెవిని తాకకుండా చుట్టూ ఆనుతుంది, రెండవది తలను గట్టిగా పట్టి నొక్కుతుంది. కాబట్టి "భారము" అంటే తూకం కాదు, పట్టు అని అర్థం చెప్పి కవిని కాపాడవలసి ఉంటుంది.

నాలుగవ పాదం నిర్దుష్టం. చవకగా దొరికే కృత్రిమ తోలు దిండు చెమటకు పెచ్చులూడుతుంది, గుడ్డ దిండు చెమట పీల్చినా గాలి ఆడనిస్తుంది. చెమట మాట అలా ఉంచితే, దివిసీమవారు అవనిగడ్డ నుంచి బెజవాడ బస్సెక్కి వాడే నాయిస్ క్యాన్సిలింగ్ రకం, బయటి మోతకు ఎదురు తరంగం పుట్టించి ఇంజను గుర్రును అణచగలదు గాని, కండక్టరు కేకను అణచలేదు.

తాత్పర్యం: బందరు, గుడివాడ, దివిసీమ వాసులు దిండ్లు ఊడదీసి మార్చుకునే వీలున్న మధ్యరకాన్ని కొని, ఒక జత గుడ్డ దిండ్లు అదనంగా తీసుకోవలెను, లక్ష పెట్టి తీరాలనేవారు ముందుగా గదికి ఏసీ పెట్టించుకోవలెను.