పరాయి టవర్ల కింద: ఒక సిమ్ ఆత్మకథ

విదేశంలో మొబైల్ ప్లాన్ వాడటమంటే సొంత ఊరి నంబరును పరాయి సంస్థ టవర్ మీద నడపటం. ఫోన్ ఎంత ఖరీదైనదైనా ఆ పని సాగేది దాని పక్క అరలో కూర్చున్న సిమ్ వల్లే. ఈ ఆత్మకథ చెప్పుకుంటున్న సిమ్ నానో రకానిది. పొడవు 12.3 మిల్లీమీటర్లు, వెడల్పు 8.8. రాజమండ్రిలో ఒక రిటైర్డ్ టీచరమ్మ ఫోన్‌లో ఉండేది. డాలస్‌లో ఉన్న కూతురి పురుడుకి ఆవిడ బయల్దేరితే, ఆవిడతో పాటు ఈ సిమ్ కూడా సముద్రాలు దాటింది.

సిమ్‌ల వంశం 1991లో మొదలైంది. జర్మనీలో మ్యూనిక్‌కు చెందిన గీసెకె అండ్ డెవ్రియంట్ సంస్థ ఫిన్లాండ్‌లోని రేడియోలింజా కోసం మొదటి సిమ్‌లను తయారుచేసింది. అప్పటి సిమ్ ఇవాళ్టి ఏటీఎం కార్డంత ఉండేది. మరుసటి ఏడాదే, అంటే 1992లో, ఫిన్లాండ్ టెలికాం, బ్రిటన్ వొడాఫోన్ తొలి అంతర్జాతీయ రోమింగ్ ఒప్పందం కుదుర్చుకున్నాయి. ఒక దేశపు సిమ్‌ను ఇంకో దేశపు టవర్ నమ్మటం అక్కడ మొదలైంది.

ఆ నమ్మకానికి ఆధారం అంకెల వరుసలు రెండు. మొదటిది సిమ్ గుర్తింపు సంఖ్య. అది సాధారణంగా 15 అంకెలు ఉంటుంది, యజమాని పదిమందికీ ఇచ్చే ఫోన్ నంబరుతో దానికి పోలిక ఉండదు. దాని మొదటి మూడంకెలు దేశాన్ని చెబుతాయి: భారత్ సిమ్‌లకు 404 లేదా 405, యూఏఈకి 424, అమెరికాకు 310 మొదలుకొని కొన్ని సంఖ్యలు. రెండోది 128 బిట్ల రహస్య తాళం. అది రెండే చోట్ల ఉంటుంది, సిమ్ లోపలా, సొంత సంస్థ సర్వర్‌లోనూ. యజమానికి కూడా అది ఎప్పుడూ కనబడదు.

డాలస్‌లో విమానం దిగి ఎయిర్‌ప్లేన్ మోడ్ తీయగానే ఫోన్ చుట్టుపక్కల టవర్లను వెతికింది. దొరికిన టవర్‌కు సిమ్ తన గుర్తింపు సంఖ్య చెప్పింది. అమెరికా సంస్థ ఆ మూడంకెలు చూసి ఇది భారత్ సిమ్ అని తెలుసుకుని, తమకు ఒప్పందం ఉందో లేదో చూసుకుని, భారత్‌లోని సొంత సంస్థను అడిగింది. అక్కడి నుంచి వచ్చిన ఒక యాదృచ్ఛిక సంఖ్యను సిమ్ ముందు పెట్టింది. సిమ్ ఆ సంఖ్యను తన రహస్య తాళంతో కలిపి లెక్కకట్టి జవాబు పంపింది. సొంత సంస్థ పంపిన జవాబూ ఇదీ ఒకటే అయ్యేసరికి తలుపు తెరుచుకుంది. 3జీ నుంచి పరీక్ష రెండువైపులా ఉంటుంది, టవర్ అసలుదో కాదో సిమ్ కూడా తేల్చుకుంటుంది. ఇంత ప్రశ్నాజవాబూ క్షణాల్లో ముగుస్తుంది. తాళం మాత్రం సిమ్‌ను దాటి బయటికి రాదు. ఈ పరీక్షలో నెగ్గటమే తన జీవితానికి సార్థకత అని ఈ సిమ్ భావిస్తుంది.

అందరికీ మొదటిసారే తలుపు తెరుచుకోదు. ఒప్పందం లేని సంస్థ కాదంటే, ఆ సంస్థ పేరును సిమ్ తనలోని నిషిద్ధ జాబితాలో రాసుకుని మళ్లీ దాని జోలికి పోదు. ఇష్టపడాల్సిన సంస్థల జాబితా కూడా దానిలో ఉంటుంది. సిగ్నల్ రాక అవస్థ పడేవాళ్లు సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ ఎంపికను ఆటోమేటిక్ నుంచి మాన్యువల్‌కు మార్చి ఇంకో పేరు ఎంచుకుంటే చాలాసార్లు పని అవుతుంది. అమెరికాలో ఇంకో చిక్కు ఉంది. అక్కడి మూడు పెద్ద సంస్థలూ 2022లో 3జీని మూసేశాయి. ఫోన్‌లోనూ సొంత సంస్థ ఒప్పందంలోనూ వోల్టీ, అంటే 4జీ మీదే కాల్స్ నడిపే సదుపాయం, ఉండాలి. లేకపోతే డేటా వచ్చినా కాల్ కలవకపోవచ్చు. బయల్దేరేముందు కస్టమర్ కేర్‌ను అడగాల్సిన ప్రశ్నల్లో ఇది మొదటిది.

ఖర్చు సంగతి అర్థం కావాలంటే కాల్ నడిచే దారి చూడాలి. ఒక మధ్యాహ్నం ఒంటిగంటకు రాజమండ్రి నుంచి పక్కింటావిడ ఫోన్ చేసింది. వేసవి కాబట్టి డాలస్‌లో అప్పుడు తెల్లవారుజాము రెండున్నర. "అక్కయ్య గారూ, మనవరాలు పుట్టిందటగా!" అని ఆ గొంతు ఎంతో ఆనందంగా పలికింది. పక్కింటావిడ చేసింది లోకల్ కాలే, ఆవిడకు లోకల్ కాల్ ఖర్చే. ఆ కాల్ ముందు భారత్‌లోని సొంత సంస్థకు చేరింది. ఆ సంస్థ దగ్గర ఈ సిమ్ ఇప్పుడు ఫలానా అమెరికా సంస్థ దగ్గరుందని రాసి ఉంది కాబట్టి కాల్ అక్కడికి మళ్లింది. భారత్ నుంచి డాలస్ వరకూ ఉన్న ఆ రెండో దారి ఖర్చు టీచరమ్మ ఖాతాలో పడింది. రోమింగ్‌లో వచ్చే కాల్‌కు డబ్బు పడేది ఇందుకే.

కాల్ ఎత్తకపోతే ఖర్చుండదనీ అనుకోకూడదు. ఎత్తని కాల్స్‌ను ఇంకో నంబరుకో వాయిస్ మెయిల్‌కో మళ్లించేలా పెట్టి ఉంటే, డాలస్ దాకా వచ్చిన కాల్ మళ్లీ భారత్‌కు తిరిగి వెళుతుంది. అప్పుడు రెండు అంతర్జాతీయ దారుల లెక్క పడవచ్చు. ప్రయాణానికి ముందురోజు ఇంట్లోనే ##002# డయల్ చేస్తే కాల్ ఫార్వర్డింగ్‌లన్నీ రద్దవుతాయి. టీచరమ్మ కూతురు వీడియో కాల్‌లో ఒక్కో బటన్ చెబుతూ ఆవిడ చేత ఆ పని చేయించింది.

డేటా దారి వేరు. రోమింగ్‌లో ఇంటర్నెట్ సాధారణంగా అక్కడికక్కడ తెరుచుకోదు. డాలస్ టవర్ నుంచి భారత్‌లోని సొంత సంస్థ గేట్‌వే దాకా వెళ్లి, అక్కడి నుంచి బయటికి పోతుంది. అందుకే పేజీ కాస్త ఆలస్యంగా వస్తుంది. అందుకే వెబ్‌సైట్లకు ఆ ఫోన్ భారత్‌లోనే ఉన్నట్టు కనిపిస్తుంది. విదేశీ ఇంటర్నెట్ చిరునామాలను రానివ్వని కొన్ని మన బ్యాంకు, ప్రభుత్వ పోర్టల్స్ ఈ దారిన తేలిగ్గా తెరుచుకుంటాయి కూడా. యజమాని ముట్టుకోకపోయినా ఫోన్ ఊరుకోదు. ఫొటోల బ్యాకప్, యాప్‌ల అప్‌డేట్లు, వాట్సాప్ గ్రూపుల్లో వచ్చిపడే వీడియోలు ప్యాక్‌ను తినేస్తాయి. ప్యాక్ లేని రోమింగ్‌లో ఇవే బిల్లును వేలల్లోకి లాగుతాయి. డేటా రోమింగ్ స్విచ్ ఆఫ్‌లో ఉంచి, అవసరానికి మాత్రమే ఆన్ చేయటం అన్నిటికన్నా గట్టి కట్టడి.

ప్యాక్ కొనేటప్పుడు దేశాల జాబితా చదివి తీరాలి. అమెరికా ప్యాక్ మధ్యలో ఆగే దుబాయ్‌కి వర్తిస్తుందో లేదో, గడువు కొన్న రోజు నుంచా, మొదటి వాడకం నుంచా అన్నవి ఆ చిన్న అక్షరాల్లోనే ఉంటాయి. "అమ్మా, దుబాయ్‌లో ఎయిర్‌పోర్ట్ వైఫై పెట్టుకో, డేటా ఆన్ చెయ్యకు" అని కూతురు పదేపదే చెప్పింది ఇందుకే. ఓడల్లోనూ విమానాల్లోనూ ఉండే ప్రత్యేక నెట్‌వర్క్‌లు సాధారణ దేశ ప్యాక్‌ల కిందికి రావు, వాటి రేట్లు చాలా ఎక్కువ.

రోమింగ్ రేట్లు దూరాన్ని బట్టి వచ్చినవి కావు. యూరోపియన్ యూనియన్‌లో 2017 జూన్ 15 నుంచి ఒక సభ్యదేశపు సిమ్ మరో సభ్యదేశంలో సొంత దేశపు రేట్లకే నడుస్తోంది, తాత్కాలిక ప్రయాణాలకు ఈ నియమం వర్తిస్తుంది. సంస్థలు ఒకదానికొకటి చెల్లించే టోకు ధరలకు అక్కడ చట్టం పరిమితి పెట్టింది. సామాన్య ప్రయాణికుల మేలు కోరే ఎవరైనా ఇలాంటి ఒప్పందాలు మిగతా దేశాల మధ్యా రావాలనే కోరతారు.

నెలల తరబడి ఉండేవాళ్లకు రోజువారీ ప్యాక్ గిట్టుబాటు కాదు. మొదటి పది రోజులు గడిచాక అల్లుడు అక్కడి ప్రీపెయిడ్ ఈసిమ్ వేసిచ్చాడు. కాల్స్, డేటా దాని పని. ఈ సిమ్‌కు మిగిలిన పని ఓటీపీలు అందుకోవటం. పని చిన్నదిగా కనిపించినా బరువైనది. పెన్షన్ ఖాతా, గ్యాస్ బుకింగ్, ఆధార్, అన్నీ ఆ నంబరుకే ముడిపడి ఉన్నాయి. భారతీయ సంస్థల రోమింగ్‌లో వచ్చే ఎస్ఎంఎస్‌కు సాధారణంగా ఛార్జీ పడదు. అయితే రోమింగ్ సేవ ఆన్‌లో ఉండాలి, ప్లాన్ గడువు బతికి ఉండాలి. గడువు అయిపోతే ఓటీపీ కూడా ఆగిపోతుంది. అలాగే వదిలేస్తే నంబరే పోవచ్చు. వాడకం లేని ప్రీపెయిడ్ నంబరును 90 రోజుల లోపు తీసేయకూడదనీ, ఖాతాలో కనీసం 20 రూపాయలుంటే ఆ పైనా కొనసాగించాలనీ టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నియమం ఉంది. ఆ రక్షణ దాటాక నంబరు ఇంకొకరికి వెళ్లవచ్చు, బ్యాంకు సందేశాలూ వాళ్ల ఫోన్‌కే పోవచ్చు. రాజమండ్రిలోని తమ్ముడు అక్కగారి నంబరుకు గడువులోగా రీచార్జ్ చేయిస్తూ ఉండటం వల్లే ఈ సిమ్ నిలిచింది.

ఫోన్ పోతే నష్టం కాకుండా సిమ్‌కు పిన్ పెట్టుకోవచ్చు. మూడుసార్లు తప్పు కొడితే పీయూకే అనే అన్‌లాక్ కోడ్ అడుగుతుంది, అదీ పదిసార్లు తప్పితే సిమ్ శాశ్వతంగా మూగబోతుంది. కొత్త సిమ్ కావాలంటే చాలా సందర్భాల్లో స్వదేశంలోని స్టోర్‌కే వెళ్లాలి. అందుకని పీయూకేను ప్రయాణానికి ముందే కాగితం మీద రాసి ఇంట్లోవాళ్లకు ఇవ్వటం మంచిది.

తిరిగొచ్చి శంషాబాద్ విమానాశ్రయంలో దిగగానే ఈ సిమ్ సొంత సంస్థ టవర్‌కు నమోదైంది, విదేశీ సంస్థ దగ్గరున్న దాని నమోదు రద్దయింది. టీచరమ్మది ప్రీపెయిడ్ కాబట్టి లెక్క ఎప్పటికప్పుడే తేలిపోయింది. పోస్ట్‌పెయిడ్ వాళ్లకు విదేశీ సంస్థ పంపే వాడకం వివరాలు కొన్నిసార్లు ఆలస్యంగా చేరతాయి. ప్రయాణం ముగిసిన తర్వాతి నెల బిల్లులోనూ రోమింగ్ పద్దులు కనబడవచ్చు. వాటిని ప్యాక్ తేదీలతో సరిచూసుకుని, తేడా ఉంటే ముందు సంస్థ ఫిర్యాదుల విభాగానికి, అక్కడ తేలకపోతే అదే సంస్థలోని అప్పీలు అధికారికి రాయాలి.