మనోళ్లేనా?

ఉదయగిరిలో అయినా, ఆత్మకూరులో అయినా కొత్త మనిషి కనబడితే ముందు ఊరు, తర్వాత ఇంటిపేరు, ఆపైన మెల్లగా ‘మనోళ్లేనా?’ అని ఆరా తీయందే మనకు టీ గొంతు దిగదు. ఈ విద్యలో మనల్ని మించింది హెచ్ఎల్ఏ పరీక్ష. బుగ్గలోపల దూదిపుల్లతో రుద్ది, మన రక్త మూలకణాలు ఎవరికి సరిపోతాయో తేలుస్తుంది. తోడబుట్టినవాళ్లకే కుదిరే అవకాశం నాలుగింట ఒక వంతు. బయట దొరికితే ఎక్కువగా ఒకే మూలాలున్నవాళ్లలోనే. ప్రపంచమంతా కలిపి 4 కోట్లకు పైగా దాతల పేర్లున్నా, అందులో మన దేశం వాటా బహు చిన్నది. అంటే ఆదుకుంటే మనోళ్లే ఆదుకోవాలి.

ఆ మనోడికి లుకేమియా అనే రక్త క్యాన్సర్ వచ్చి, మూలకణాలు సరిపోయిన దాతకు రిజిస్ట్రీవాళ్లు ఫోన్ చేస్తే ఏమవుతుంది? ‘మీరు డయల్ చేసిన నంబరు వాడుకలో లేదు.’

దాతల నమోదు క్యాంపు నాడు ఆ దాత దూదిపుల్ల నోట్లో పెట్టుకుని సెల్ఫీ దిగాడు. ‘ప్రాణదాత’ అని స్టేటస్ పెట్టాడు. తర్వాత బెంగళూరు పోయి సిమ్ మార్చాడు. పీఎం కిసాన్ 2,000 రూపాయల కోసం నాయన నంబరు మారిస్తే మర్నాడే ఈ-కేవైసీ చేయించిన ఘనుడు, 2009లో చెన్నైలో పుట్టిన దాత్రి రిజిస్ట్రీకి ఒక ముక్క రాయలేదు.

నంబరు దొరికినా ఇంట్లో ఇంకో దుర్గం ఉంది. ఉదయగిరి కోట 1514లో లొంగేలోపు కృష్ణదేవరాయల సేనను ఏడాదికి పైగా నిలబెట్టింది. నాయనమ్మ అంతకన్నా గట్టిది. ‘ఎన్నులో సూది గుచ్చుతారంట! పెళ్లి కావాల్సిన పిల్లోడు, నడుం పడిపోతే ఎవురిస్తారు పిల్లని?’ నిజానికి ఇప్పుడు చాలావరకు తీసేది చేతి నరంలోంచే. కొద్దిరోజులు ఇంజెక్షన్లు, ఒళ్లునొప్పులు, ఆపైన కొన్ని గంటలు మంచం మీద. మూలకణాలు తీసుకుని మిగతా రక్తం తిరిగి ఎక్కిస్తారు. పెళ్లిలో రెండో పంక్తి కోసం అంతసేపూ కూచునేవాళ్లమే మనం.

వద్దనే హక్కు ఎవరికైనా ఉంది. ఆ వద్దేదో తొలి ఫోనుకే చెప్పాలి. మూలకణాల మార్పిడికి ముందు రోగి సొంత మజ్జను మందులతో చంపేస్తారు. అప్పుడు ‘మావాళ్లు ఒప్పుకోలేదండీ’ అంటే, వెనక్కి పోవడానికి ఆ మనిషికి దారి ఉండదు.

నంబరు మారితే ఒక మెయిలు చాలు. అదీ బరువైతే పేరు తీసేయమని రాయండి, తీసేస్తారు. ఆ ప్రాణదాత ఫొటో మాత్రం మీరే తీసేసుకోవాలి.