మా రోజుల్లో కుక్కపిల్లకి ట్యూషన్ లేదు

మా రోజుల్లో కుక్కపిల్లని కొన్నామన్న మాట ఎవరి నోటా వినలేదు. గడ్డివాము పక్కన ఊరకుక్క ఈనేది. పిల్లలు కళ్ళు తెరిచి, తప్పటడుగులు వేసి, ఒకదాని చెవి ఒకటి కొరుక్కుంటూ పెరిగేవి. రెండు నెలలు దాటాక ఒకదాన్ని ఎత్తుకొచ్చుకునేవాళ్ళం. అంతకుముందు ముట్టుకోబోతే తల్లే ఊరుకునేది కాదు.

ఇప్పుడో? మా అబ్బాయి ఫోన్‌లో ఫొటో చూసి ల్యాబ్రడార్ పిల్లని తెప్పించాడు. నెలరోజుల పిల్ల! 8 వారాలు నిండని పిల్లని అమ్మకూడదని 2017లో కేంద్రం నిబంధనలు తెచ్చింది. అమ్మినవాడికి ఆ సంగతి అక్కర్లేదు సరే, ఇంజినీరింగ్ చదివి కొన్నవాడికీ తెలియదు. ఇంకేముంది, ఇంటిల్లిపాది చేతుల మీదా పంటిగాట్లే.

"దానికేం తెలుసు తాతయ్యా, చిన్నది కదా" అంటాడు మనవడు. ఎలా తెలుస్తుందిరా, చెప్పాల్సినవాళ్ళ దగ్గర్నుంచి లాక్కొస్తే! తోబుట్టువుని గట్టిగా కరిస్తే అది కీచుమని అరిచి ఆట మానేసేది. పాలు తాగుతూ కరిస్తే తల్లి లేచి పోయేది. ఆట పోయె, పాలు పోయె. ఎంత గట్టిగా నొక్కితే ఎదుటివాళ్ళకి నొప్పో దానికి అలా తెలిసొచ్చేది. ఆ బడి మాన్పించి తెచ్చి, ఇప్పుడు ఇంటికి ట్రైనర్‌ని పిలిపిస్తున్నారు.

ఆ ట్రైనర్ ఏం చెప్పాడంటే: కరవగానే చెయ్యి లాక్కోవద్దు, లాగితే అదీ ఆటే అనుకుని ఇంకా వెంటపడుతుంది. కదలకుండా ఆగి, ఆట ఆపేసి, లేచి వెళ్ళిపోండి. అరనిమిషం ఆగి రండి. కొరుక్కోవడానికి చెయ్యి కాదు, బొమ్మ ఇవ్వండి. విని నాకు నవ్వాగలేదు. గడ్డివాము దగ్గర ఊరకుక్క చేసిందీ అదేగా! కుక్క పని కుక్క, గాడిద పని గాడిద చెయ్యాలని పెద్దలు ఊరికే అన్నారా?

సరే, ఫీజు కట్టారు కదా, చెప్పినట్టు చేస్తారా? కోడలు పాపం పన్ను తగలగానే లేచి వెళ్తుంది. అబ్బాయి ఆఫీసు నుంచి రాగానే దాని మూతి ముందు వేళ్ళాడించి కుస్తీ మొదలెడతాడు. అది కరిస్తే మనవడికి కేరింతలు. పొద్దున తప్పయింది సాయంత్రం ముద్దయితే అదేం నేర్చుకుంటుంది? మా అమ్మ వద్దంటే ఇల్లంతా వద్దన్నట్టే. కుక్కకైనా అంతే, మాకైనా అంతే.

అలాగని అప్పటివన్నీ గొప్పవని అనను. మూతి మీద ఒక్కటిచ్చుకునేవాళ్ళు మా ఊళ్ళోనూ ఉండేవారు. దెబ్బ తిన్న పిల్ల చెయ్యి కనిపిస్తే బెదిరేది, బెదిరి ఇంకా కరిచేది. కోడలు కొట్టనివ్వదు, ఆమెదే సబబు. ఇక పిచ్చికుక్క భయమంటారా, అప్పట్లో బొడ్డు చుట్టూ 14 సూదులు! కుక్క పన్ను ఒంటికి తగలకూడదన్న పట్టుదల మాకు ఆ సూదుల భయంతోనే వచ్చింది. ఇప్పుడు జబ్బకి నాలుగైదు ఇంజెక్షన్లతో సరిపోతోంది కాబట్టే వీళ్ళకి లెక్కలేదు. గాటు పడింది, పావుగంట సబ్బునీళ్ళతో కడుక్కోండర్రా అంటే "చిన్న గీతే కదా నాన్నా" అంటాడు. దానికి మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా వేయించాలన్నదీ నేనే గుర్తుచెయ్యాలి.

"పెద్దదైతే అదే మానేస్తుందిలే" అని మావాడి ధీమా. నాలుగో నెల నుంచి ఆ 28 పాలపళ్ళూ ఊడిపోతాయి నాయనా, ఏడో నెలకల్లా 42 గట్టి పళ్ళొస్తాయి. పళ్ళు ఊడతాయి గాని అలవాటు ఊడదు. 30 కిలోల కుక్క చుట్టం చెయ్యి పట్టుకున్నప్పుడు "ఏం కాదండీ, ఆడుకుంటోంది" అని చెప్పి చూడు. కాఫీ కప్పు అక్కడే పెట్టి, చెప్పులు కూడా వేసుకోకుండా పోతాడు.