పత్తి నుసీ, నీకు సాటి లేదు

ఓ పత్తి నుసీ! ఆదోనికి రెండో ముంబై అని పేరు తెచ్చిన పత్తిని అందరూ పొగుడుతారు. మార్కెట్ యార్డులో క్వింటా ఎంత పలికిందో పొద్దున్నే పేపర్లో వస్తుంది. పత్తి వెంటే వచ్చి, పత్తి వెళ్లిపోయాక కూడా ఊళ్లోనే ఉండిపోయే నీ గురించి ఎవరూ రాయరు. నీ గుణాలు ఉన్నవి ఉన్నట్టు చెబుతాను, విను.

నీ చొరవ గొప్పది. గింజ వేరుచేసే జిన్ను తిరగడం మొదలైతే చాలు, ఎవరూ పిలవకుండానే లేస్తావు. సుగ్గి వలసకు గుంటూరు పోకుండా ఊరి దగ్గరే పని దొరికిందని సంతోషించి మిల్లుకొచ్చిన ఆడకూతురు ముక్కుకు కొంగు చుట్టుకుంటుంది. ఆ కొంగు నీకు అడ్డం కాదు. ఎండిన ఆకుల పొడినీ, కాయ తొడిమల తుక్కునీ, వాటి మీది సూక్ష్మజీవుల విషాన్నీ మోసుకుని ఊపిరితిత్తుల దాకా వెళ్లి పలకరిస్తావు.

నీకు కాలనియమం ఉంది. వారానికి ఒకరోజు సెలవు తీసుకున్న కార్మికుడు మళ్లీ పనికొచ్చిన తొలిరోజే ఛాతీ బిగిస్తావు. వైద్యులు దీనికి బిసినోసిస్ అని పేరు పెట్టారు. నూలు మిల్లుల్లో సోమవారపు జబ్బుగా దీనికి ప్రపంచమంతా పేరుంది. మొదట ఆ ఒక్కరోజే వచ్చి పోతావు. ఏళ్లు గడిచేకొద్దీ మిగతా రోజులూ నీవే అవుతాయి. చివరికి మెట్లెక్కలేని ఆయాసంగా స్థిరపడతావు.

నీ నేర్పు మరీ గొప్పది. రాతి దుమ్ము తెచ్చే సిలికోసిస్ ఎక్స్‌రేలో పట్టుబడుతుంది. నీవు నీదని చెప్పదగ్గ మచ్చ కూడా మిగల్చవు. అందుకే నీ పని బీడీ ఖాతాలోనో వయసు ఖాతాలోనో పడిపోతుంది.

నీకు పక్షపాతం లేదు. యజమానినీ వదలవు. తుక్కు కలిసిన బేలుకు ధర తగ్గిస్తావు. యంత్రాల సందుల్లో పేరుకుని, ఒక్క నిప్పురవ్వ పడితే షెడ్డంతా మంటను పరుగెత్తిస్తావు. ఫ్యాన్లు బయటికి నెడితే వీధిలోకి దిగి, పక్కింటి నీళ్ల కుండ మీదా పసిపిల్లల పడక మీదా కూర్చుంటావు. క్రోమ్ తోలు రోలర్లు అరిగే చోట క్రోమియాన్నీ తోడు తెచ్చుకుంటావు. క్రోమియం లేని రోలర్లను ముంబైలోని కేంద్ర పత్తి సాంకేతిక పరిశోధన సంస్థ తయారుచేసి ఇచ్చింది. అవి బిగించని మిల్లులే నీ ఆ స్నేహాన్ని నిలబెడుతున్నాయి.

అన్నిటికీ మించి, చట్టం ముందు నీకున్న గౌరవం చూడాలి. 1923 నాటి పరిహార చట్టం నిన్ను వృత్తి వ్యాధుల పట్టికలో సి భాగంలో చేర్చింది. ఆ భాగంలోని జబ్బుకు పరిహారం రావాలంటే ప్రభుత్వం చెప్పినంత కాలం ఎడతెగకుండా పనిచేసినట్టు చూపాలి. నాలుగు నెలలు ఒక మిల్లులో, తర్వాతి సీజను ఇంకో మిల్లులో, చేతిలో చీటీ కూడా లేకుండా చేసిన కూలి ఆ లెక్క ఎలా చూపగలడు? 1948 ఈఎస్ఐ చట్టం సీజనల్ ఫ్యాక్టరీలను బయటే ఉంచింది. ఆ జాబితాలో మొదటి పేరు పత్తి జిన్నింగ్. వేరుశనగ వలుపు కూడా అందులోనే ఉంది. ఆదోని బతుకుతెరువులు రెండూ అలా బీమా ఆసుపత్రి గడప బయటే నిలబడ్డాయి. 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఆ మినహాయింపు చెక్కుచెదరలేదు. ఇంత రక్షణ నీ చేతిలో జబ్బుపడ్డ మనిషికి దొరకలేదు.

నిన్ను జయించలేమనేమీ కాదు. 1700లోనే ఇటలీ వైద్యుడు రమజ్జీని, నార దువ్వేవాళ్ల దగ్గును తన పుస్తకంలో నమోదు చేశాడు. నూలు మిల్లుల గాలిలో ఘనపు మీటరుకు 200 మైక్రోగ్రాములు మించకూడదని 1978లో అమెరికా హద్దు గీసింది. ఆ తర్వాత అక్కడ నీ జబ్బు బాగా తగ్గింది. దుమ్ము పుట్టిన చోటే పీల్చేసే ఏర్పాటు ఉండాలని మన 1948 ఫ్యాక్టరీల చట్టమూ చెప్పింది. నీవు ఇక్కడ ఇన్నేళ్లు రాజ్యమేలుతున్నావంటే అది నీ బలం కాదు, మా ఉపేక్ష.

ఈ నేలకు మంచి యాజమాన్యం తెలియక కాదు. 1938లో ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప నేతగాళ్లను సహకార సంఘంగా కూడగట్టారు. 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. పనివాడి బాగు చూస్తే వ్యాపారం చెడదని పక్క ఊరే చూపింది.

కాబట్టి స్తుతి ఇక్కడితో ఆపి, నిన్ను పోషిస్తున్న వాళ్లకే చెబుతున్నాను. మిల్లు యజమానులారా! జిన్నుల దగ్గర దుమ్ము పీల్చే గొట్టాలు, కూలీలకు సరైన మాస్కులు పెట్టండి. పనిచేసిన రోజులకు చీటీ రాసివ్వండి. సీజను మొదట్లో ఒకసారి, చివర ఒకసారి శ్వాస పరీక్ష చేయించండి. వీటికి ఏ కొత్త చట్టం కోసమూ ఆగనక్కర్లేదు. పార్లమెంటు సభ్యులారా! సీజనల్ ఫ్యాక్టరీల జాబితా నుంచి పత్తి జిన్నింగును, వేరుశనగ వలుపును తీసేయించండి. ఊపిరితిత్తులకు సీజను లేదు.