గట్టు మీద గుడారం, పులిహోర ఉచితం

గోదావరి లంకల్లో గుడారాలు వేస్తారట. పట్నం వాళ్లని పంటు ఎక్కించి తీసుకెళ్లి, ఇసుక తిన్నెల మీద రెండు రాత్రులు పడుకోబెట్టి, పొద్దున్నే కొబ్బరి బొండాం చేతిలో పెట్టి సాగనంపుతారట. ఈ వారం సర్కారు పెద్దలు సెలవిచ్చిన మాట మీరూ చదివే ఉంటారు. అందులో నాకు గొంతు దిగని ముక్క ఒక్కటే: లంకలో బస చేసే ఇలాంటి అనుభవం జనానికి అందించడం ఇదే మొదటిసారని.

ఇది అన్యాయం. సర్కారు తన ఘనతను తనే మరిచిపోతే ఎలా? లంకల్లో క్యాంపింగ్ పథకం దశాబ్దాలుగా దిగ్విజయంగా నడుస్తోంది. ఏటా జూలై, ఆగస్టు సీజను. బుకింగ్ అక్కర్లేదు. ఎగువన మహారాష్ట్రలో, ఛత్తీస్‌గఢ్‌లో వానలు దంచితే చాలు, ఎర్రనీరు దిగుతుంది, మీ చోటు ఖాయమవుతుంది. రద్దు చేసుకునే సౌకర్యం మాత్రం లేదు.

రేట్ల పట్టిక ధవళేశ్వరం బ్యారేజీ దగ్గరే ఉంది. నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. అది సిల్వర్ ప్యాకేజీ. కాజ్‌వేల మీద నడిచే యోగం అప్పటికే పోతుంది కాబట్టి పాలకీ, మందులకీ, పెళ్లిచూపులకీ పడవే. 13.75 అడుగుల దగ్గర రెండో హెచ్చరిక, గోల్డ్. పెరట్లోనే బోటింగ్, చెప్పులు విప్పే పని లేదు. 17.75 దాటితే ప్లాటినం. ఏటిగట్టు మీద బరకం గుడారం, పక్కనే మీ గేదె. పెంపుడు జంతువులను ఇంత ఆదరంగా రానిచ్చే రిసార్టు దేశంలో ఇంకోటి ఉంటే చెప్పండి. 2022 జూలైలో బ్యారేజీ నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా సముద్రంలోకి వదిలిన వారం, ప్లాటినం అతిథులతో గట్లు కిటకిటలాడిపోయాయి. పాత ఖాతాదారులు మాత్రం పెదవి విరుస్తారు. 1986 సీజను చూసినవాళ్లు వాళ్లు, 35 లక్షల క్యూసెక్కులు. ఆ తర్వాత వచ్చినవన్నీ వాళ్ల లెక్కలో ఆఫ్ సీజనే.

భోజనం పులిహోర పొట్లం. మధ్యాహ్నం బయల్దేరింది రాత్రికి చేరుతుంది గనక పులుపు కాస్త అదనం, దానికి వేరే చార్జీ లేదు. ట్రాన్స్‌ఫార్మర్లు మునుగుతాయని కరెంటు ముందే తీసేస్తారు కాబట్టి రోజూ కొవ్వొత్తి వెలుగులోనే విందు. వన్యప్రాణి సందర్శన ఉంది. వరదకు కొట్టుకొచ్చిన పాములు కూడా గట్టే ఎక్కుతాయి, పాపం అవీ ప్లాటినం అతిథులే. వెళ్లేటప్పుడు కానుక సంచి. 2022లో 25 కిలోల బియ్యం, కందిపప్పు, ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, పామాయిలు, పైన కుటుంబానికి 2,000 రూపాయలు. గది ఖాళీ చేసేటప్పుడు అతిథికే ఎదురు డబ్బులిచ్చే హోటలు లోకంలో ఎక్కడైనా ఉందా? (కానుక అందని కుటుంబాలు కౌంటరు దగ్గర ఆధార్ కార్డు పట్టుకుని నిలబడటం వేరే కార్యక్రమం. దాన్ని సాంస్కృతిక సాయంత్రం కింద చూపొచ్చు.)

నది ఒడ్డు గదికి బయట ఎంత గుంజుతారో మీకు తెలుసు. లంకలో అది పైసా లేకుండా వస్తుంది. పోయినేడు నదికి దూరంగా ఉన్న కొబ్బరితోట ఒక వరద కోతకు ఒడ్డు మీదికొస్తుంది. ఇంకో వరదకు నదిలోనే ఉంటుంది. పట్టా మాత్రం రైతు ట్రంకుపెట్టెలో భద్రంగా ఉంటుంది, జ్ఞాపికలా.

ఇక చూసి తీరాల్సిన వింత పి.గన్నవరం వైపు. ఊడిమూడిలంక, జి.పెదపూడిలంక, బూరుగులంక, అరిగెలవారిపేట. వేసవిలో నదీపాయకు అడ్డంగా తాత్కాలికంగా మట్టిబాట వేస్తారు. తొలి వరద దాన్ని మింగేస్తుంది. జనం పడవెక్కుతారు. నీళ్లు తగ్గాక మళ్లీ బాట, మళ్లీ వరద, మళ్లీ పడవ. గోదారికి ఏటేటా లారీల కొద్దీ మట్టిని నైవేద్యం పెట్టే ఈ క్రతువు ఎన్ని ప్రభుత్వాలు మారినా తప్పలేదు. దీనికి టికెట్టు పెట్టకపోవడం పర్యాటక శాఖ చేతకానితనం.

సీజను ముదిరాక విశిష్ట అతిథులు వేంచేస్తారు. వాళ్లు పంటు ఎక్కే రోజు ఎక్కడి నుంచో నారింజ రంగు లైఫ్ జాకెట్లు పుట్టుకొస్తాయి. కెమెరాలు ఉన్నంతసేపు ఉంటాయి. వాళ్లు అవతలి ఒడ్డుకెళ్లి కారెక్కగానే జాకెట్లూ కారెక్కుతాయి. మర్నాడు అదే రేవులో అదే పడవ, పాల క్యాన్లు, అరటిగెలలు, గడ్డిమోపు, మోటారు సైకిలు, వాటి సందుల్లో పుస్తకాల సంచులు.

2018 జూలై 14న ఐ.పోలవరం మండలం పశువుల్లంక దగ్గర మునిగింది అలాంటి పడవే. అందులో బడి నుంచి ఇంటికెళ్తున్న పిల్లలున్నారు. మొదలుపెట్టి పూర్తి చెయ్యకుండా నదిలో వదిలేసిన వంతెన స్తంభాన్ని గుద్దుకుని పడవ తిరగబడింది. ఆ పిల్లలకు పడవ అవసరం లేకుండా చెయ్యాల్సిన వంతెన అది. ఏ గజ ఈతగాడు ఎవరి బిడ్డను పైకి తీస్తాడా అని తల్లులు ఒడ్డున కూర్చున్నారు. మరుసటి ఏడు సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర పాపికొండల టూరిస్టు బోటు మునిగింది. అప్పుడు సర్కారు కదిలింది. పర్యాటక బోట్లకు కంట్రోల్ రూములు వచ్చాయి, జాకెట్టు తొడుక్కోందే బోటు కదలదన్నారు. రావాల్సిందే, ఎవరు కాదన్నారు? ఆ కట్టుదిట్టం రేవు పడవకు ఎందుకు రాలేదు? నది ఒకటే, సుడి ఒకటే. రెండు రాత్రులకు వచ్చేవాడి ప్రాణానికి నిబంధనలు, రోజూ రెండుసార్లు దాటే పిల్ల ప్రాణానికి రేవు పాడుకున్నవాడి దయాదాక్షిణ్యాలు. ఎవరు రాశారయ్యా ఈ లెక్క? ఏ ఫైలులో, ఎవరి సంతకంతో? టూరిస్టు కోసం పంటు కొనడానికి ఇవాళ దొరికిన డబ్బు, ఆ పిల్లలు బతికున్నప్పుడు ఏ ఖజానాలో దాక్కుంది?

వేసుకోండి గుడారాలు. కాకపోతే ఆ పంటు ముందుగా బడిగంటకు వేళకి లంక పిల్లల్ని దాటించాలి, ఆ తర్వాతే టూరిస్టుల్ని ఎక్కించుకోవాలి. ఈ మాట టెండరులోనే రాయండి. లైఫ్ జాకెట్లు రాసే చోట పదేళ్ల పిల్లకు సరిపోయే సైజు కూడా రాయండి.