పైనా కిందా కొట్టేయ్

16/64 అనే భిన్నం తీసుకోండి. పైన ఒక 6, కింద ఒక 6 ఉన్నాయి కదా, రెండింటినీ కొట్టేయండి. 1/4 మిగులుతుంది. జవాబు నూటికి నూరుపాళ్ళూ సరైనదే, చేసిన పని మాత్రం శుద్ధ తప్పు. 19/95, 26/65, 49/98 కూడా ఇంతే. సున్నాలు కొట్టుకుపోయే 10/20 లాంటివి పక్కన పెడితే, ఒకటికి తక్కువైన రెండంకెల భిన్నాల్లో ఇంతటి అదృష్టజాతకులు ఈ నలుగురే. లెక్కల మాస్టారుగా ఉద్యోగం చేసినంత కాలం ఈ నలుగురినీ పిల్లల కంట పడకుండా దాచాను. ఇలా కూడా జవాబు వస్తుందని తెలిస్తే కారణాంకాల జోలికి ఎవడు పోతాడు? తెనాలిలో అంత కట్టుదిట్టంగా కాపాడిన రహస్యాన్ని స్టాన్‌మోర్‌లో యూట్యూబ్ నా మనవరాలికి ఊరికే చెప్పేసింది.

స్టాన్‌మోర్ అంటే లండన్‌కి వాయవ్యాన, హారో బరోలో, జూబిలీ లైను ఆగిపోయే చోటు. అల్లుడుగారు పొద్దున్నే ఇక్కడ ఎక్కి కూర్చుంటే ఎక్కడా మారే పని లేకుండా కెనరీ వార్ఫ్‌లో దిగుతారు. రైలు బయల్దేరేదే ఇక్కణ్ణుంచి కనక సీటు ఖాయం. మనవాళ్ళు ఇక్కడ ఇళ్ళు కొనడానికి మొదటి కారణం ఈ సీటేననీ, బడులు రెండోదనీ మా అమ్మాయి అంటుంది. వీసా మీద చూడ్డానికి వచ్చే తల్లిదండ్రులకు ఆరు నెలలు గడువు. ఆ ఆరు నెలలకూ అమ్మమ్మలకు ఆవకాయ, తాతలకు ఆల్జీబ్రా అప్పగించడం ఇక్కడి తెలుగిళ్ళలో రివాజు. మా ఆవిడ పని సులువు. ఆవకాయకి వర్కింగ్ చూపించమని ఎవరూ అడగరు.

మనవరాలు చదివేది ఇయర్ 10. వచ్చే ఏడు జీసీఎస్ఈ, అంటే మన పదో తరగతి పరీక్షల్లాంటివి. లెక్కలకు మూడు పేపర్లు, ఒక్కోటి 80 మార్కులు, గంటన్నర సమయం. మొదటి పేపరుకి కాలిక్యులేటర్ లేదు. 2017 నుంచి లెక్కలకు గ్రేడ్లు అక్షరాల్లో కాక 9 నుంచి 1 దాకా అంకెల్లో ఇస్తున్నారు. మన ర్యాంకులకు అలవాటుపడ్డ మా ఆవిడకి 9 రావడమంటే తొమ్మిదో స్థానమేననిపించి, ఫలానావాళ్ళ అబ్బాయికి 9 వచ్చిందని విన్నప్పుడు ఆ తల్లిని ఓదార్చబోయింది. జవాబు తప్పినా దారి సరిగ్గా ఉంటే మెథడ్ మార్కులిస్తారు. మన దగ్గరా స్టెప్పులకు మార్కులున్నాయనుకోండి, ఇంట్లో నాన్నలే వాటిని లెక్కలోకి తీసుకోరు.

బీజీయ భిన్నాలు ఆ పరీక్షలో హయ్యర్ టయర్ అనే పై స్థాయి పేపరు సరుకు. మొదటిరోజు పిల్ల నా ముందు పెట్టిన లెక్క (ఎక్స్ + 6)/6. దాని కింద జవాబు ‘ఎక్స్’ అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, కింద రెండు గీతలు కూడా కొట్టింది.

“ఇదేమిటే అమ్మలూ?”

“క్యాన్సిల్ చేశాను తాతయ్యా. పైన సిక్స్, కింద సిక్స్.”

“పైన 6 ఒంటరిగా లేదే, ఎక్స్‌తో కలిసి ఉంది. పులిహోర కలిపేశాక అందులోంచి చింతపండు గుజ్జు ఒక్కటే వెనక్కి తీయగలవా?”

పిల్ల కాసేపు ఆలోచించింది. “నా ప్లేట్లోంచి మిరపకాయలు అమ్మమ్మ ఎప్పుడూ తీసేస్తుందిగా!”

ఎదుటివాడి ఉపమానంలో కన్నం ఎక్కడుందో వెతకడం ఈ దేశంలో బళ్ళోనే నేర్పుతారు కాబోలు. ఉపమానాలు మానేసి ఉన్నమాట చెప్పాను. కొట్టేయడమంటే భాగించడం. పైనున్న మొత్తాన్నీ, కిందున్న మొత్తాన్నీ ఒకే దానితో భాగించాలి. 6తో భాగిస్తే పక్కనున్న ఎక్స్ కూడా తప్పించుకోలేదు, ఎక్స్/6 + 1 అవుతుంది. అందుకే ముందు కారణాంకాలు, ఆ తర్వాతే కొట్టివేత. కూడికతో అతుక్కున్నవాటిని విడదీసి కొట్టేసే హక్కు ఎవరికీ లేదు.

తప్పు పిల్లలది కాదు. చిన్న తరగతుల్లో 12/18 దగ్గర కొట్టివేతలు మొదలైనప్పుడు పెన్సిలుతో అడ్డగీత గీయడమే చూపిస్తారు గానీ, ఆ గీత భాగహారమని ఎవరూ గట్టిగా చెప్పరు. గీత గీసే సరదా చేతికి అలవాటైపోతుంది. ఎన్‌సీఈఆర్‌టీ వారి పాత ఎనిమిదో తరగతి లెక్కల పుస్తకంలో కారణాంక విభజన పాఠం చివర ఇలాంటి తప్పుల జాబితాతో ఏకంగా ఒక అభ్యాసమే ఉండేది. (7ఎక్స్ + 5)/5 = 7ఎక్స్ అట. 3ఎక్స్²ని 3ఎక్స్²తో భాగిస్తే సున్నా అట. వీటిని కనిపెట్టి సరిదిద్దమంటారు. పుస్తకంలో అచ్చువేయవలసినంత పాత జబ్బన్నమాట. థేమ్స్ ఒడ్డున పుట్టిన పిల్లకీ, కృష్ణ కాలవ పక్కన పెరిగిన పిల్లాడికీ తేడా లేకుండా వస్తుంది. తెలుగు రాకపోయినా వస్తుంది.

ఆదివారానికి అసలైన లెక్క వచ్చింది. పైన ఎక్స్² + 5ఎక్స్ + 6, కింద ఎక్స్² − 9. పిల్ల చూసీ చూడగానే రెండు ఎక్స్²లనూ చెరో గీతతో పైకి పంపించింది. మిగిలిన 5ఎక్స్ + 6 కింద −9 దిక్కుతోచక నిలబడింది. “నాన్నా, నాకూ నువ్వు ఇవే చెప్పావు. అందుకే బైపీసీ తీసుకున్నాను” అని వంటింట్లోంచి మా అమ్మాయి. అల్లుడుగారు లాప్‌టాప్ తెరిచి, “దీనికి పైథాన్‌లో లైబ్రరీ ఉంది మామయ్యగారూ, సింపై అని. ఒక్క లైను చాలు” అంటూ చిటికెలో (ఎక్స్ + 2)/(ఎక్స్ − 3) తెప్పించారు. “కాలిక్యులేటరే ఇవ్వనివాళ్ళు లాప్‌టాప్ ఇస్తారా డాడీ?” అని పిల్ల ఆ లాప్‌టాప్ మూసేసింది.

చేత్తోనే చేయించాను. పైన (ఎక్స్ + 2)(ఎక్స్ + 3), కింద (ఎక్స్ − 3)(ఎక్స్ + 3). ఎక్స్ + 3 రెండు చోట్లా గుణకారంలో ఉంది కనక నిక్షేపంగా కొట్టేయొచ్చు. మిగిలింది అల్లుడుగారి జవాబే. హమ్మయ్య అనుకుని కాఫీ గ్లాసు అందుకున్నానో లేదో, పిల్ల చెయ్యి ఆగలేదు. పైన ఎక్స్, కింద ఎక్స్, రెండూ టకటకా ఎగిరిపోయి 2/−3 తేలింది. గెలిచిన ఆటని చివరి బంతికి పారేసుకోవడం క్రికెట్‌లో అరుదేమో గానీ, బీజగణితంలో దినచర్య. పరీక్షకు వెళ్ళే ప్రతి పిల్లకీ చెప్పవలసిన మొదటి జాగ్రత్త ఇదే: జవాబు వచ్చాక పెన్ను కింద పెట్టెయ్యి.

ఇంకో సంగతి. అల్లుడుగారి లైబ్రరీ ఒక షరతు చెప్పకుండా దాటేసింది. ఎక్స్ విలువ −3 అయితే అసలు భిన్నంలో పైనా సున్నా, కిందా సున్నా. సున్నాని సున్నాతో భాగిస్తే సున్నా అని 628లో బ్రహ్మగుప్తుడు రాశాడు. 1150 నాటికి భాస్కరాచార్యుడు సున్నా హారంగా ఉన్న రాశికి ఖహరమని పేరు పెట్టి, దాన్ని అనంతమన్నాడు. ఇప్పటి గణితం అసలు ఆ పనే చెయ్యొద్దంటుంది. “మరి బ్రహ్మగుప్తకి మెథడ్ మార్కులు ఇస్తారా?” అంది పిల్ల. సున్నాతో లెక్కలకు నియమాలు రాసినవాళ్ళలో మొదటివాడమ్మా, ఇవ్వకపోతే నేను రీవాల్యుయేషన్‌కి పెడతాను అన్నాను. ఆ ఊపులోనే, 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు రాసిన గణితసార సంగ్రహంలో భిన్నాలకు ఒక అధ్యాయమే ఉందనీ, దాన్ని 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడనీ చెప్పాను. లెక్కల్ని పద్యాలుగా చదువుకున్న జాతి మనదని గొంతు కూడా కాస్త పెంచాను. పుస్తకం చివర్లో ఆన్సర్లు ఉన్నాయా అని అడిగింది పిల్ల.

శనివారాల్లో అల్లుడుగారు ఊరు చూపిస్తారు. 1940లో వైమానిక సేనాని డౌడింగ్ బ్రిటన్ యుద్ధ విమానాలను నడిపించిన బెంట్లీ ప్రయరీ ఈ ఊళ్ళోదే, ఇప్పుడు మ్యూజియం. నా మనసు మాత్రం దాని కంటే, ఆ యుద్ధకాలంలోనే ఇక్కడ తిరిగిన బాంబ్ యంత్రాల మీదికి పోయింది. పేరు చూసి భయపడకండి, పేలేవి కావు. జర్మన్ల ఎనిగ్మా రహస్య లిపిని ఛేదించడానికి బ్లెచ్లీ పార్క్‌లో ట్యూరింగ్, వెల్ష్‌మన్ రూపొందించిన యంత్రాలు. స్టాన్‌మోర్‌లోనూ, ఈస్ట్‌కోట్‌లోనూ వాటికి ఉపకేంద్రాలుండేవి. రెన్స్ అని పిలిచే నౌకాదళపు అమ్మాయిలు రాత్రింబవళ్ళు వంతులవారీగా వాటిని నడిపేవారు. యంత్రం చేసే పని విచిత్రంగా ఉంటుంది. సరైన జవాబును వెతకదు, తప్పుల్ని ఏరేస్తుంది. ఒక అమరిక సరైనదేననుకుని బయల్దేరి, ఎక్కడైనా పొంతన కుదరకపోతే దాన్ని వదిలేసి తర్వాతిదానికి పోతుంది. పొంతన కుదిరిన చోట ఆగుతుంది. ఆగినంత మాత్రాన అదే జవాబని కాదు, మనుషులు మళ్ళీ సరిచూడాలి.

ఇంటికొచ్చి పిల్లకి ఆ పద్ధతే పెట్టాను. కొట్టివేతకు ముందొకసారి, తర్వాత ఒకసారి ఎక్స్ స్థానంలో ఏదో ఒక అంకె వేసి చూడు. (ఎక్స్ + 6)/6 లో 3 వేస్తే 9/6, అంటే ఒకటిన్నర. నీ జవాబు ఎక్స్ ప్రకారం 3 రావాలి. రాలేదు, కొట్టివేత చెల్లదు. పెద్ద లెక్కలో 1 వేస్తే 12/−8, జవాబులోనూ 3/−2. రెండూ ఒకటే, ముందుకు పోవచ్చు.

మర్నాడు పిల్ల నవ్వు దాచుకుంటూ (ఎక్స్ + 2)/2 = ఎక్స్ అని రాసుకొచ్చింది. ఎక్స్‌కి 2 వేసి చూడమంది. పైన 4, కింద 2, వచ్చింది 2. ఎక్స్ కూడా 2. పొంతన చక్కగా కుదిరింది. ఆ తప్పు జవాబుని గెలిపించే అంకె ఆ ఒక్కటే. దాన్ని వెతికి పట్టుకుందంటే పిల్లకి బీజగణితం వచ్చేసిందన్నమాటే. మా ఆవిడ మాత్రం వచ్చింది లెక్కలు కావు, తాత బుద్ధులు అంది.

మీ ఇంట్లోనూ పైనా కిందా కొట్టేసే చేతులు ఉండే ఉంటాయి. పెన్సిలు లాక్కోకండి, ఎక్స్‌కి ఒక అంకె వేసి చూడమనండి. పొంతన కుదిరితే సంబరపడకుండా ఇంకో అంకె కూడా వేయించండి. మొదటిది 0, 1, 2 కాకుండా చూడండి. 7తో నాకు మంచి అనుభవం.