కొత్త సంవత్సరం, పాత కాళ్లు

జనవరి ఒకటిన కరీంనగర్‌లో మానేరు డ్యాం కట్ట మీద కాలు పెట్టే సందుండదు. మడత నలగని ట్రాక్ సూటు, చేతికి అడుగులు లెక్కపెట్టే గడియారం, నడకకన్నా ముందు సెల్ఫీ. ‘ఈ ఏడు పది కిలోలు తగ్గుడే’ అని వాట్సాప్‌లో శపథం. నాలుగో తారీఖుకు చలి ఎక్కువైతది. పదో తారీఖుకు ఇంట్లో సకినాలు మొదలైతయి. నువ్వులు కలిపిన పిండిని చుట్లు చుట్టి, నూనెలోంచి తీసి కంచంలో పెట్టినంక వద్దంటే అత్తమ్మ ఏమనుకుంటది? సరే, కనుమ దాటినంక చూద్దామని తీర్మానం. ఏ సంవత్సరం కనుమో మాత్రం అడగొద్దు.

ఆ రోజుల్లోనే వచ్చే పుష్యమాసంలో, అంతకన్నా చలి కొరికే ఆదిలాబాద్‌లో గోండు తెగకు చెందిన మెస్రం వంశస్థులు గంగాజలం కోసం నడక మొదలుపెడతారు. జన్నారం మండలంలోని హస్తినమడుగు దాకా అడవి దారిన, ఉత్తకాళ్లతో వరుసగా వెళ్లి గోదావరి నీళ్లు తెస్తారు. పుష్య అమావాస్య రాత్రి కేస్లాపూర్‌లో ఆ నీళ్లతోనే తమ నాగదేవత నాగోబాకు మహాపూజ. ఆ నడకకు యాప్ గుర్తుచేయనక్కర్లేదు, కోచ్ ఈల వేయనక్కర్లేదు. వంశమంతా కదిలాక ‘రేపొస్తా’ననే వీలు ఎవరికుంటుంది? పైగా అమావాస్య మన సోమవారం లాంటిది కాదు, వాయిదా పడదు.

జిమ్ముకు ఏడాది ఫీజు ఒక్కసారే కట్టిన పెద్దమనుషులకు ఓ మనవి. రసీదు పారేసుకోకండి. వచ్చే జనవరికి జిమ్ము ఎక్కడుందో వెతుక్కోవాలంటే అడ్రసు దాని మీదే ఉంటుంది.